జెండా కట్టె నీడ

మాది నల్లగొండ దగ్గర ఒక సర్కారు బడి, ఎనిమిదో తరగతికి సైన్స్ చెప్త. వెలుతురు సరళరేఖల్ల పోతదని ఏండ్ల సంది బోర్డు మీద గీతలు గీసి చెప్తున్న, పిల్లలు పరీక్షల గూడ మంచిగనే రాస్తరు, గానీ నీడ ఎందుకు జరుగుతదని అడిగితే ఒక్కరు నోరు తెరవరు.

పోయిన వారం నా ఫోన్ వాళ్ల చేతికే ఇచ్చి జెండా కట్టె నీడను గంటకోసారి ఒకే జాగల నిలబడి ఫోటో తియ్యమన్న. సాయంత్రం ఆ ఆరు ఫోటోలు వరుసగ చూస్తుంటే, ఏడాదంతా మాట్లాడని ఒక పిల్ల లేసి "సార్, పొద్దున పడమరకుండె, నడుమ పొట్టిగైంది, ఇప్పుడు తూర్పుకొచ్చింది" అన్నది. నిజంగ నాకు గొంతు పట్టుకున్నది.

ఇంతల ఇంకొకడు "మరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంల నీడ జరగదు గద సార్?" అన్నడు. ఎంత మంచి ప్రశ్న! ఒకప్పుడు ఈ జాగను ఏలిన కుందూరు చోడుల కాలపు గుడి, మనకు ఇంత దగ్గర్లుంది, నేనే పాఠంలకు తేలేదు ఇన్నేండ్లు.

శనివారం తీస్కపోయిన. పూజారిని అడిగి గర్భగుడి గోడ మీది నీడను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తీసిండ్రు, పక్కపక్కన పెడితే ఉన్నకాడనే ఉంది. లోపలికి ఎండ సూటిగ పడుతలేదు, స్తంభాల సందుల నుంచి చెదిరిన వెలుతురు వస్తున్నదని వాళ్లే ఫోటోలు చూపించుకుంట వాదులాడుకున్నరు, నేను పక్కకు కూసొని విన్న.

ఇప్పుడు పిన్‌హోల్ కెమెరా, అంటే డబ్బాకు సూదంత బెజ్జం పెట్టి లోపల బొమ్మ పడేటట్టు చేసేది, చేస్తమంటున్నరు. ఎవరింట్లనన్న ఖాళీ చెప్పుల డబ్బాలుంటే నాకియ్యుండ్రి.