వేలు తీశాక ఓల్టేజ్ ఏం కావాలి?

మాడ్యులర్ సింథసైజర్ అంటే విడివిడి మాడ్యూళ్లను కేబుళ్లతో కలిపి, ఓల్టేజ్‌తో శబ్దాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ వాద్యం. దాని ముందు కూర్చుంటే నాబ్‌లకు కొదవ ఉండదు. కొదవంతా చేతులకే. ఒక చేత్తో శబ్దం రంగు మార్చే ఫిల్టర్ తిప్పుతూ రెండో చేత్తో కేబుళ్లు మారుస్తుంటే శబ్దం మారుతుంది గానీ, వాయిస్తున్నామన్న తృప్తి మాత్రం దక్కదు. అందుకే వాయించడానికంటూ, వేలి కదలికను ఓల్టేజ్‌గా మార్చి పంపే ఒక కంట్రోలర్ సొంతంగా తయారుచేసుకోవాలనుకున్నాను.

ముందు పాతవాటిని తిరగేశాను. 1960లలో సింథసైజర్ల రూపకర్త డాన్ బుక్లా పియానో మెట్ల జోలికి పోకుండా, తాకితే పలికే పలకలు పెట్టాడు. మూగ్ సింథసైజర్లకు వేలు జార్చి వాయించే రిబ్బన్ అనే పట్టీ ఉండేది. నాకు బాగా నచ్చింది మాత్రం 1928లో లోకానికి పరిచయమైన ఓండ్ మార్తెనో అనే ఎలక్ట్రానిక్ వాద్యం. అందులో కుడిచేయి స్వరం చూసుకుంటుంది, ఎడమచేతి కింద ఉండే చిన్న మీట తీవ్రత చూసుకుంటుంది. మీట నొక్కనంతసేపూ నిశ్శబ్దమే. ట్రాన్సిస్టర్ ఇంకా పుట్టని రోజుల్లో ఇంత ఆలోచన!

నా నమూనా కూడా ఆ దారిలోనే వచ్చింది: ఒత్తిడి పసిగట్టే నాలుగు ప్యాడ్లు, స్వరం కోసం ఒక రిబ్బన్. ప్యాడ్ల కింద వాడిన సెన్సార్లు నొక్కేకొద్దీ నిరోధం తగ్గేవి. చవకైనవే గానీ నిలకడ తక్కువ. ఒకే బలంతో రెండుసార్లు నొక్కినా ఒకే అంకె రాదు. బిగ్గరతనానికీ ఫిల్టర్‌కీ అది చాలు, చెవి పట్టించుకోదు. శ్రుతికి చాలదు. ఎందుకంటే యూరోరాక్ అనే మాడ్యులర్ ప్రమాణంలో ఒక వోల్టుకు ఒక ఆక్టేవ్ (స నుంచి పై స వరకు), అంటే అర స్వరానికి సుమారు 83.3 మిల్లీవోల్టులు. 10 వోల్టుల పరిధిని 12 బిట్లతో, అంటే 4096 మెట్లుగా పంచితే ఒక్కో మెట్టు 2.44 మిల్లీవోల్టులు, దాదాపు 3 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు). నెమ్మదిగా జారే స్వరంలో ఆ మెట్లు వినిపిస్తాయి. 16 బిట్లకు వెళ్తే మెట్టు 0.15 మిల్లీవోల్టుకు దిగుతుంది, ఇక బాధ లేదు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. అవుట్‌పుట్‌కు రక్షణగా 1 కిలోఓమ్ రెసిస్టర్ పెడతాం. ఎదుటి మాడ్యూల్ ఇన్‌పుట్ 100 కిలోఓములైతే దాదాపు ఒక శాతం ఓల్టేజ్ అక్కడే పోతుంది, ఆక్టేవ్‌కు 12 సెంట్ల అపశ్రుతి. ఆ రెసిస్టర్‌ను ఆప్-ఆంప్ (యాంప్లిఫయర్ చిప్) తన అవుట్‌పుట్‌ను తానే సరిచూసుకునే ఫీడ్‌బ్యాక్ వలయం లోపలికి తెస్తే రక్షణా ఉంటుంది, శ్రుతీ చెడదు.

సెన్సార్ వణుకును అణచడానికి సగటు తీస్తే స్పందన ఆలస్యమవుతుంది, తీయకపోతే శబ్దం గరగరలాడుతుంది. 2012లో వచ్చిన వన్ యూరో ఫిల్టర్ (శబ్దానికి కాదు, సెన్సార్ అంకెలను నునుపు చేసే లెక్క) ఈ పేచీని బాగా తీర్చింది. వేలు మెల్లగా కదిలితే గట్టిగా నునుపు చేస్తుంది, వేగంగా కదిలితే అడ్డు తప్పుకుంటుంది. స్వరం మొదలైందో ముగిసిందో చెప్పే గేట్ సంకేతానికి మాత్రం రెండు హద్దులు పెట్టాను: తెరుచుకోవడానికి ఎక్కువ ఒత్తిడి, మూసుకోవడానికి తక్కువ. ఒకే హద్దు ఉంటే వేలు ఆ అంచున ఆగినప్పుడు గేట్ టపటపా కొట్టుకుంటుంది.

వీటన్నిటికీ పుస్తకాల్లో జవాబులు దొరుకుతాయి. నా కాలమంతా తిన్నది వేలు ఎత్తే క్షణం. రిబ్బన్ మీద నుంచి వేలు లేచేటప్పుడు ఆనిన చోటు కుంచించుకుపోయి చివరికి కొస మాత్రమే మిగులుతుంది. దాంతో స్వరం పక్కకు జారుతుంది. ఆ చివరి విలువనే పట్టి ఉంచితే ప్రతి స్వరం తోక వంకరగా మిగులుతుంది. అందుకని విలువలను వరుసగా దాచుకుంటూ పోయి, రిబ్బన్ కింద ఒత్తిడి హద్దు దిగగానే సుమారు 20 మిల్లీసెకన్ల కిందటి విలువను తీసుకునేలా చేశాను. అయితే జారుతూ జారుతూ ఎత్తేస్తే స్వరం వెనకబడిపోతుంది. కాబట్టి వేలి వేగం ఎక్కువగా ఉంటే అంత వెనక్కి చూడదు.

ప్యాడ్ల చిక్కు వేరు. వేలు తీశాక ఓల్టేజ్ సున్నాకు పడాలా, మెల్లగా దిగాలా, ఉన్నచోటే నిలవాలా? బిగ్గరతనమైతే పడాలి. ఫిల్టర్‌ను తెరిచి పెట్టి చేయి ఇంకో పనికి వెళ్లాలంటే నిలవాలి. ఒక్కో ప్యాడ్ పక్కన మూడు స్థానాల స్విచ్ పెట్టాను. తెర, మెనూ పెట్టొచ్చుగా అన్నవాళ్లున్నారు. చీకటి వేదిక మీద తెర వైపు చూస్తూ ఎవరూ వాయించలేరు, నేనైతే అసలే లేను.

నిలిచిన ప్యాడ్‌ను మళ్లీ తాకితేనో? లోపల 3 వోల్టులు నిలిచి ఉన్నాయి, వేలు సున్నా నుంచి మొదలవుతుంది. సూటిగా వేలికి అప్పగిస్తే శబ్దం ఒక్కసారిగా కూలుతుంది. ఒత్తిడి 3 వోల్టుల స్థాయిని దాటాకే పట్టు దొరికేలా చేసి చూశాను, చాలామంది చేసేదీ అదే. కూలడం ఆగింది గానీ అంతవరకూ ప్యాడ్ చచ్చినట్టుంది. నొక్కుతుంటే ఏమీ జరగకపోవడం శబ్దం కూలడం కంటే నచ్చలేదు. చివరికి పాత విలువ నుంచి వేలి విలువకు 50 మిల్లీసెకన్లలో జారేలా పెట్టాను. చిన్న ఊగు వినిపిస్తుంది, నిజమే. కానీ అది చేయి తెచ్చిన ఊగు కాబట్టి సంగీతంలో కలిసిపోతుంది.

ప్యానెల్ గురించి చెప్పేది తక్కువ. రాక్ కొలతలు 128.5 మి.మీ. ఎత్తు, వెడల్పుకు 5.08 మి.మీ. చొప్పున హెచ్‌పీ అనే కొలతలు. అవి జాక్‌లకు సరిపోతాయి, అరచేతికి కాదు. అందుకే నాలుగు వేళ్ల సహజ ఎడం కొలిచి, రాక్ బయట వాలుగా ఉండే పెట్టెలో ప్యాడ్లు అమర్చాను. రాక్‌లో ఉన్నది అవుట్‌పుట్‌ల ముక్క మాత్రమే. ఈ మధ్య కొత్త పని మొదలుపెట్టాను: వేలు ఎంత వేగంగా ఎత్తామన్నదాన్ని కూడా కొలిచి, చటుక్కున తీస్తే ఓల్టేజ్ చటుక్కున, తీరిగ్గా తీస్తే తీరిగ్గా దిగేలా చేయడం. మూడో ప్యాడ్‌కు పెట్టి చూస్తున్నాను. మిగతా వాటికి ఎక్కించాలో లేదో ఇంకా తేల్చుకోలేదు.