గొల్లత్తగుడి దగ్గర టేపు పట్టుకుని

జడ్చర్ల దాటి గంగాపురం వైపు తిరిగాక కారులో మాటలన్నీ రాళ్ల మీదికి మళ్లాయి. పాలమూరు నేలే అలాంటిది. ఎర్రమట్టి చేలు, చేల మధ్య గుండ్లు, వాటి వెనక గుట్టలు. రాయికి కరువే లేని ఈ మెట్ట ప్రాంతంలో సుమారు 1,300 ఏళ్ల కిందట జైనులు ఇటుకతో గుడి కట్టారు. అదెందుకో చూద్దామనే మా ప్రయాణం. మాకు డిగ్రీలో చరిత్ర చెప్పిన సారు, సివిల్ ఇంజనీరైన మా తోడల్లుడు, నేను.

ఆల్వాన్‌పల్లి పొలాల్లోకి రాగానే గొల్లత్తగుడి కనబడుతుంది. 65 అడుగుల ఎత్తని రాసి ఉండగా చదివాను గానీ, చుట్టూ ఏ మేడా లేని చోట అది ఇంకా ఎత్తుగా అనిపించింది. పైభాగం అరిగి, అంచులు రాలి, ఎండలో ఎర్రగా నిలబడి ఉంది.

నేను టేపు తీయబోతే సారు ఆపారు. ముందు చుట్టూ తిరగాలట. ఉత్తరం ఎటో చూసుకుని, నాలుగు వైపులా ఫొటోలు తీసి, ప్రతి ఫొటోలో కొలబద్ద పడేలా చూసుకున్నాకే కొలతలు. రక్షిత కట్టడం కాబట్టి పార వేయడం, పైకెక్కడం మన పని కాదు. కళ్లతో, టేపుతో ఎంత తెలిస్తే అంతే.

ఇటుక దగ్గర చాలాసేపు కూర్చున్నాను. మన ఇళ్లకు వాడే ఇటుక 9 అంగుళాలుంటుంది. ఇది నా జానెడు దాటి ఇంకా మిగిలింది, మందం మాత్రం తక్కువ, చపటాగా ఉంది. నాగార్జునకొండ ఇక్ష్వాకుల కాలపు ఇటుక 20 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 3 మందం ఉండేదని సారు గుర్తుచేశారు. పాతకాలం ఇటుకలు మొత్తానికి పెద్దవే. ద్వారం పైన ఒక్కో వరసను కింది వరస కంటే కాస్త లోపలికి జరుపుతూ పేర్చుకుంటూ పోయి, చివర రెండు వైపులా కలిపేశారు. మా తోడల్లుడు అక్కడే మెడ నొప్పి పుట్టేదాకా నిలబడి, "ఇప్పటి మేస్త్రీకి ఈ పని చెబితే సెంట్రింగ్ ఏదని అడుగుతాడు" అన్నాడు.

ఎత్తు కొలవడానికి అతను మీటరు కర్ర పాతి, దాని నీడా గుడి నీడా కొలిచి లెక్కగట్టాడు. అరవై అడుగుల పైచిలుకు తేలింది. పుస్తకాల లెక్కకు దగ్గరగా వచ్చిందని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

గొర్రెలు తోలుకొస్తున్న ఒక పెద్దమ్మ ఆగింది.

"ఏం సారూ, మల్ల కొలుస్తుండ్రు? గవర్నమెంటోళ్లా?"

"కాదు పెద్దమ్మా, ఊకె చూడనీకొచ్చినం."

"చూడుండ్రి. పాలు, పెరుగు అమ్మిన పైసలతోని గొల్లామె కట్టిచ్చింది దీన్ని. మావోళ్లే."

జైనం, రాష్ట్రకూటులు అని మొదలుపెట్టబోయిన సారు ఎందుకో నవ్వి ఊరుకున్నారు. మంచి పనే చేశారు.

తిరుగు దారంతా వాదనే. 7, 8 శతాబ్దాల్లోనే ఇదే ఉమ్మడి జిల్లాలోని ఆలంపూర్‌లో బాదామి చాళుక్యులు నవబ్రహ్మ ఆలయాలను రాతితో కట్టారు. మరి ఇక్కడ ఇటుకెందుకు? ఇక్కడి నల్లరాయి చెక్కడానికి మొండిది, చెరువు మట్టి చేతికందేది అని తోడల్లుడి మాట. ఖర్చు సంగతి సరే, ఎత్తు లేపాలంటే తేలికైన సరుకు కావాలి కదా అని నాది. రామప్పలో కాకతీయుల కాలంలో కూడా, 1213 నాటికి, కింద రాయి పెట్టి శిఖరానికి ఇటుకే వాడారు.

రాయి చెక్కేవాళ్లు ఇక్కడ దొరక్కపోవచ్చు కదా అని కూడా అన్నాను. సారు ఏమీ అనకుండా కారును పిల్లలమర్రి వైపు పోనిమ్మన్నారు. ఈ గుడి దగ్గర దొరికిన తీర్థంకరుల విగ్రహాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. పార్శ్వనాథుడి తలపై రాతిలో చెక్కిన పాము పడగలు చూశాక, చెక్కేవాళ్లు లేరన్న ఆ మూడో వాదన అక్కడే వదిలేశాను. మొదటి రెండింటి మీద మా తోడల్లుడూ నేనూ ఇంకా తేల్చుకోలేదు.