బెల్లం పెట్టెలో వేడి కుదిరితేనే ప్రయాణం

"వాడి పెట్టెలో వేడి కుదిరేదాకా నేను ఇండియా రాను" అని మా అమ్మాయి తేల్చి చెప్పేసింది. వాడంటే బెల్లం, తను పెంచుకుంటున్న కార్న్ స్నేక్ అనే విషం లేని పాము. క్రిస్మస్ సెలవుల్లో తెనాలి వెళ్లాలనుకున్నాం, మా అమ్మకి కంటి శుక్లాల ఆపరేషన్ ఉంది. అమ్మమ్మ కంటే పాము ఎక్కువా అని అడిగాను. "అమ్మమ్మకి మామయ్యా అత్తా ఉన్నారు. వీడికి నేను తప్ప ఎవరున్నారు?" అంది పదమూడేళ్ల పిల్ల. నాకు కోపం వచ్చింది కానీ బదులు మాత్రం దొరకలేదు.

బెల్లం పెద్దవాడై పాత ప్లాస్టిక్ డబ్బా చాలకపోతే, మా ఆయన ప్లైవుడ్‌తో నాలుగడుగుల పెట్టె చేశారు. ముందువైపు పక్కకి జరిపే అద్దాలు, వెనక గాలి కన్నాలు, లోపలంతా వార్నిష్. వార్నిష్ వాసన పూర్తిగా పోయేదాకా పామును అందులోకి పోనివ్వకూడదు. ఇంగ్లండ్‌లో మేముండే లీడ్స్ చలికి గాజు తొట్టి కంటే చెక్క పెట్టే మేలు, లోపలి వేడి తొందరగా బయటికి పోదు. అయితే ఆ గుణంతోనే ఇంకో చిక్కు ఉంది. డబ్బా కింద పరిచిన హీట్ మ్యాట్‌నే (కరెంటుతో వేడెక్కే పలచటి పరుపు) తీసుకొచ్చి ఈ పెట్టె కింద పరిస్తే చెక్క ఆ వేడిని పైకి రానివ్వదు, పాముకి చలి తగ్గదు, కింద మ్యాట్ మాత్రం కాగిపోతూ ఉంటుంది. నిప్పంటుకునే ప్రమాదం కూడా. అందుకే లోపల పైకప్పుకి సిరామిక్ హీటర్ బిగించాం. దీనికి వెలుతురు ఉండదు కాబట్టి రాత్రిపూట కూడా పాముకి ఇబ్బంది లేదు. హోల్డరు కూడా పింగాణీదే ఉండాలి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. చుట్టూ ఇనప జాలీ తప్పనిసరి, లేకపోతే పాము వెళ్లి హీటర్‌కి చుట్టుకుని ఒళ్లు కాల్చుకుంటుంది.

పాముకి మనలాగా ఒంట్లో వేడి పుట్టదు. తిన్న ఎలుక అరగాలన్నా బయటి వేడే దిక్కు, చలిగా ఉంటే తిన్నది కక్కేస్తుంది. పెట్టె అంతా ఒకే వేడిగా ఉన్నా పనికిరాదు. ఒక చివర 28 నుంచి 30 డిగ్రీలు, రెండో చివర 22 నుంచి 24 ఉంటే తనకి ఎక్కడ బాగుంటే అక్కడికి పోతుంది. రెండు చివరలా దాక్కోవడానికి చోటు ఉండాలి, లేకపోతే భయంతో చల్లటి మూలే పట్టుకుని కూర్చుంటుంది.

అసలు టెన్షన్ థర్మోస్టాట్ ప్రోబ్‌తో, అంటే వేడి సరిపోగానే హీటర్‌ని తగ్గించే థర్మోస్టాట్‌కి లోపల ఎంత వేడి ఉందో చెప్పే తీగతో. సన్నటి నల్ల వైరు, చివర చిన్న మొన, అంతే. దాన్ని వెచ్చటి వైపు, పాము తిరిగే ఎత్తులో గోడకి బిగించాలి. టేపుతో అంటిస్తే పాము కిందికి దూరి ఊడదీస్తుంది, జిగురు పొలుసులకి పట్టుకుంటుంది కూడా. అందుకని మా అమ్మాయి చిన్న క్లిప్పులు మేకులతో కొట్టించి, వైరు వెంట వేలితో తడుముతూ ఎక్కడైనా వదులుగా ఉందా అని చూస్తుంది. ఆ ప్రోబ్ ఊడి చల్లటి వైపు పడితే, పెట్టె ఇంకా వేడెక్కలేదనుకుని థర్మోస్టాట్ హీటర్‌ని ఆపకుండా నడుపుతూనే ఉంటుంది. మేము తెనాలిలో ఉన్నప్పుడు అలా జరిగితే? తన భయం అది. అనవసరపు భయమని నేను అనలేను. సిరామిక్ హీటర్‌కి పల్స్ రకం, అంటే కరెంటుని చిన్న చిన్న విడతలుగా ఇచ్చే థర్మోస్టాట్ వాడండి, రెండు చివరలా విడిగా థర్మామీటర్లు పెట్టండి, ఆ గదిలో స్మోక్ అలారం ఉంచండి. ఇలాంటి పెట్టె చేసేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఈ మాత్రం సలహా ఇవ్వడం నాకు తేలిక, మిగతాదే కష్టం.

పోయిన చలికాలం అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు రాత్రిళ్లు చలికి వణికింది. హీటింగ్ వెయ్యమంటే బిల్లు తలుచుకుని ఇంకో రగ్గు ఇచ్చాను. ఇప్పుడు 100 వాట్ల హీటర్ రోజంతా ఆగకుండా నడిచినా 2.4 యూనిట్లే కదా, థర్మోస్టాట్ ఉంటే అంత కూడా కాదు కదా అని పాము కోసం మా ఆయనకి నేనే లెక్కలు చెబుతున్నాను. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మనసు కలుక్కుమంటుంది.

అమ్మకి ఫోన్‌లో ఈ గొడవంతా చెప్పాను. తప్పు పడుతుందనుకున్నాను. ఏటా నాగుల చవితికి చలిమిడీ చిమ్మిలీ పట్టుకుని పుట్ట దగ్గరికి వెళ్లే మనిషి, పామును పెట్టెలో పెట్టి పెంచడమే ఆమెకి ఇష్టం లేదు. కానీ "పుట్ట అయితే ఈ బాధే లేదు కదే. ఎండాకాలం లోపల చల్లగా ఉంటుంది, చలికాలం వెచ్చగా ఉంటుంది, అందుకేగా అవి దూరేది" అంది. మా అమ్మాయి ఫోన్ లాక్కుంది. పుట్ట ఎంత లోతుంటుంది అమ్మమ్మా, కన్నాలు ఎటు ఉంటాయి, చెయ్యి పెడితే వెచ్చగా తెలుస్తుందా అని ఒకటే ప్రశ్నలు. "చెయ్యి పెట్టకూడదే తల్లీ!" అని అక్కడ అమ్మ కంగారు. ప్రతి ఆదివారం నేను పక్కన కూర్చుని మాట్లాడమ్మా అని బతిమాలితే బాగున్నావా, తిన్నావా దగ్గర ఆగిపోయే పిల్ల, ఆ రోజు వచ్చీరాని తెలుగులోనే ఫోన్ వదల్లేదు.

ఇక్కడి జంతు సంక్షేమ చట్టం, 2006 నాటిది, ప్రకారం పదహారేళ్లలోపు పిల్లలు పెంచే జంతువుకి తల్లిదండ్రులే బాధ్యులు. అంటే చట్టం దృష్టిలో బెల్లం బాధ్యత నాది. "పామును స్నేహితురాలి ఇంట్లో వదిలి బయల్దేరు" అని గట్టిగా చెప్పే హక్కు నాకుంది. కానీ పామును తెచ్చుకుంటానన్న రోజున "ఒక ప్రాణిని తెచ్చుకుని మధ్యలో ఎవరికో అప్పగిస్తానంటే కుదరదు, పూర్తి బాధ్యత నీదే" అని నోటితో చెప్పించుకుని మరీ ఒప్పుకున్నది నేనే. ఆ మాట అది నిజంగా పట్టుకుని కూర్చుంటే, ఇప్పుడు నా అవసరం కోసం వదిలెయ్యమనడం ఎలా? అలాగని అమ్మ ఆపరేషన్‌కి మనవరాలు పక్కన లేకపోయినా పర్వాలేదని నన్ను నేను ఎలా ఒప్పించుకోను?

అమ్మ ఆపరేషన్ ఫిబ్రవరికి వాయిదా వేసుకుంటానంటోంది. "కళ్లు ఎక్కడికీ పోవులే, ఆ పెట్టె సంగతి తేలాక పిల్లని తీసుకుని రండి" అంది. ఫిబ్రవరిలో బడికి సెలవులు వారమే, రానూపోనూ ప్రయాణానికే సగం పోతాయి. డాక్టరు తొందరేం లేదన్నాడట. అయినా అమ్మ అంత తేలిగ్గా ఒప్పుకోవడమే నాకు మింగుడు పడటం లేదు. టికెట్లు ఇంకా కొనలేదు.