బ్లోట్ పంక్తిలో మాంసం వద్దనేవాళ్లు

ఓడిన్, థోర్, ఫ్రేయర్ లాంటి పాత జర్మానిక్ దేవుళ్లను మళ్లీ కొలుస్తున్నవాళ్లు ఈరోజు ఐస్‌లాండ్, జర్మనీ, ఇంగ్లండ్, అమెరికా లాంటి చోట్ల వేలల్లో ఉన్నారు. హీథెన్లం అనో, అసాత్రూ అనో చెప్పుకుంటారు. వాళ్లలో శాకాహారులు కూడా ఉన్నారంటే మనవాళ్లు చాలామంది నమ్మరు, వైకింగ్ అనగానే కాల్చిన పంది తొడ పట్టుకున్న గడ్డపాయనే గుర్తొస్తాడు కాబట్టి. బయటివాళ్ల సంగతి సరే, లోపలివాళ్లే కొందరు "మాంసం ముట్టనివాడు హీథెన్ ఎలా అవుతాడు" అని మొహం మీదే అనేస్తారు. జర్మనీలో నాకు బాగా దగ్గరైన ఒక స్నేహితురాలు ఈ మాట పడీ పడీ విసిగిపోయింది. అది అన్యాయమని నా అభిప్రాయం, ఎందుకో రాస్తాను.

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి, ఆ అనేవాళ్ల దగ్గరా ఆధారం ఉంది. 13వ శతాబ్దంలో స్నోరి స్టుర్లుసన్ అనే ఐస్‌లాండ్ రచయిత నార్వే రాజుల చరిత్ర రాస్తూ హ్లాదిర్‌లో (ఇప్పటి ట్రోండ్‌హైమ్ పక్కనే) జరిగిన బ్లోట్, అంటే బలి పండగ, గురించి వివరంగా చెప్పాడు. గుర్రాల్ని, పశువుల్ని కోస్తారు, నెత్తురు గిన్నెల్లో పట్టి కొమ్మలతో గోడల మీదా మనుషుల మీదా చల్లుతారు, మాంసం పెద్ద పెద్ద కాగుల్లో ఉడికించి అందరూ కలిసి తింటారు. 10వ శతాబ్దపు రాజు హాకోన్ క్రైస్తవుడు, ఆ గుర్రం మాంసం తిననన్నాడు. రైతులు ఊరుకోలేదు. మాంసం వద్దా, పోనీ ఆ రసమన్నా తాగు అన్నారు, వద్దన్నాడు, కొవ్వు తిను అన్నారు, అదీ వద్దన్నాడు, ఇక మీద పడి కొట్టేలా ఉన్నారు. చివరికి సిగుర్డ్ అనే జార్ల్ (రాజు కింద ప్రాంతాన్ని ఏలే దొర) రాజీ కుదిర్చాడు: ఆవిరి పట్టి జిడ్డెక్కిన కాగు పిడికి రాజు ఒక నారబట్ట చుట్టి, దాని మీద నోరు తెరిచి, వెనక్కి వెళ్లి తన ఆసనం మీద కూర్చున్నాడు. ఇటువాళ్లకీ తృప్తి లేదు, అటువాళ్లకీ లేదు.

అంటే అక్కడ తినడమనేది ఆకలికి సంబంధించింది కాదు, "నువ్వు మావాడివేనా" అని అడగడం. వెయ్యేళ్ల తర్వాత నా స్నేహితురాలి పళ్లెంలోకి తొంగిచూసేవాళ్లు అడుగుతున్నదీ అదే ప్రశ్న.

దీనికి శాకాహారులు తరచూ ఇచ్చే జవాబు మాత్రం నాకు నచ్చదు. పాత కవిత్వంలో ఓడిన్ తన వాటా తిండి తోడేళ్లకి పెట్టేసి తాను ద్రాక్షసారాతోనే బతుకుతాడని ఉంది కదా, చూశారా ఆయనే మాంసం ముట్టడు అంటారు. ఉంది, నిజమే. కానీ దానికి కాస్త ముందే సేహ్రిమ్నిర్ అనే పంది ఉడుకుతూ ఉంటుంది, అది వల్హల్లాలో, అంటే చనిపోయిన వీరులుండే ఓడిన్ కొలువులో, వీరులందరికీ రోజూ వండిపెట్టే తిండి. థోర్ అయితే తన బండి లాగే మేకల్నే కోసుకు తిని, పొద్దున్నే సుత్తితో బతికిస్తాడు. మన ఇష్టం కోసం పూర్వీకుల చేత శాకాహారం చేయించక్కర్లేదు.

అసలు జవాబు వేరే ఉంది, అదీ వాళ్ల పాత మాటల్లోనే ఉంది. హావమాల్ అనే పద్యమాలలో ఓడిన్ మాటగా ఇలా వస్తుంది: ఎప్పుడూ పెద్ద కానుకే ఇవ్వనక్కర్లేదు, సగం రొట్టె ఇచ్చి, గిన్నె వంచి నేనొక స్నేహితుణ్ణి సంపాదించుకున్నాను. ఇంకోచోట, అతిగా బలివ్వడం కంటే అసలు అడక్కుండా ఉండటమే మేలు అని కూడా ఉంది. బ్లోట్‌కి ప్రాణం లాంటిది ఇచ్చిపుచ్చుకోవడమే. ఆ కాలపు రైతు తన కొట్టంలో పుట్టిన దూడని, చలికాలం అంతా మేత దాచి పెంచినదాన్ని ఇచ్చేవాడు, అది అతనికి నిజంగా లోటు. సూపర్‌మార్కెట్లో ప్లాస్టిక్ కవర్లో దొరికే పంది మాంసం, ఏ షెడ్డులో పెరిగిందో ఎవరు కోశారో తెలియనిది, చవగ్గా కొని తెచ్చి దేవుడి ముందు పెట్టేవాడు ఇస్తున్నదేమిటి? పొద్దున్నే లేచి రై పిండి పిసికి రొట్టె కాల్చి తెచ్చినావిడ కంటే అతను పెద్ద భక్తుడని నేను చస్తే ఒప్పుకోను.

పైగా రొట్టెలు పెట్టడం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ఇంగ్లండ్‌లో బీడ్ అనే క్రైస్తవ సన్యాసి 725లో రాసిన పుస్తకంలో, తన పూర్వీకులు ఫిబ్రవరి నెలలో దేవుళ్లకి రొట్టెలు నివేదించేవాళ్లని చెప్పాడు, నవంబర్లో కోయబోయే పశువుల్ని దేవుళ్లకి మొక్కేవాళ్లని కూడా ఆ పుస్తకంలోనే రాశాడు. రెండూ ఉండేవి. ఐస్‌లాండ్‌లో 1972లో మొదలై మరుసటి ఏడు ప్రభుత్వ గుర్తింపు పొందిన అసాత్రూ సంఘం జంతుబలి ఇవ్వదు, కొమ్ములో పానీయం చుట్టూ తిప్పి దేవుళ్ల పేర తాగుతారు, తర్వాత భోజనాలు. మన దగ్గర మేకపోతు బదులు బూడిద గుమ్మడికాయ కొట్టి కుంకుమ అద్దినప్పుడు అది బలి కాదని ఎవరూ అనరు కదా.

ఒక్కచోట మాత్రం శాకాహారులతోనే నాకు పేచీ. మాంసం మానితే "శుద్ధి" అవుతామనే ధోరణి. 20వ శతాబ్దం మొదట్లో జర్మనీలో ప్రకృతి జీవనం, శాకాహారం, పాత దేవుళ్లు, జాతి స్వచ్ఛత అన్నీ ఒకే కుండలో ఉడికిన బృందాలు ఉండేవి. శాకాహారి గురువు దగ్గర తయారైన ఫిడుస్ అనే చిత్రకారుడు 1932లో నాజీ పార్టీలో చేరాడు. తిండిని బట్టి మనిషి శుద్ధో అశుద్ధో తేల్చడం ఎక్కడికి దారితీస్తుందో తెలుగువాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు, అద్దె ఇంటికి వెళ్తే చాలు. కోళ్ల షెడ్డు చూసి తినడం మానేశానని నా స్నేహితురాలు అంటుంది, ఆ కారణం నాకు చాలు.

ఆవిడ పిలిస్తే ఒకసారి బ్లోట్‌కి వెళ్లాను. ఓ తోటలో పదిమందీ లేరు. కొమ్ము చేతులు మారుతూ వచ్చింది, ఒక్కొక్కరూ ఒక పేరు తలుచుకుని గుక్క తాగారు, మిగిలింది చెట్టు మొదట్లో పోశారు. తర్వాత బల్ల మీద బార్లీ, క్యారెట్లు వేసిన చిక్కటి పులుసు ఒకపక్క, సాసేజీలు ఇంకోపక్క, గరిటెలు వేరువేరు. గొడవేమీ రాలేదు. వచ్చింది పానీయం దగ్గర: అందులో ఒకతను వీగన్, అంటే పాలు, తేనె లాంటివి కూడా ముట్టనివాడు, కొమ్ములో ఉన్న మీడ్ తేనెతో చేసేది కాబట్టి తాగనన్నాడు. కాసేపు అందరూ మొహాలు చూసుకున్నారు. హ్లాదిర్ బ్లోట్‌లో రైతులందరూ బీరే తెచ్చుకున్నారని స్నోరి రాశాడుగా అని నా స్నేహితురాలు లోపలికెళ్లి ఒక సీసా తెచ్చి ఇంకో కొమ్ములో పోసింది, అతను తాగాడు.