కంఠస్థం చేస్తూ జపనీస్: వేసవి నుంచి ఇప్పటివరకు

వేసవిలో మొదలుపెట్టిన జపనీస్ అభ్యాసం ఇప్పటికి ఒక దారిన పడింది. ఆడియో ఉన్న చిన్న వాచకాన్ని ఎంచుకుని, కాగితం చూడకుండా, ఆ గొంతుకు సరితూగేలా అప్పజెప్పగలిగేవరకు దాన్ని వదలకపోవడమే నేను పాటిస్తున్న పద్ధతి. వ్యాకరణాన్ని ఆ వాచకంలో ఎదురైనప్పుడు, ఎదురైనంత మేరకే చూసుకుంటున్నాను.

మొదటి వాచకంగా మొమొతరో జానపద కథను తీసుకున్నాను. కాపీరైటు కాలం ముగిసిన రచనలను 1997 నుంచి ఉచితంగా అందిస్తున్న అఒజొర బుంకొ అనే జపనీస్ ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఇలాంటి కథల పాఠాలు దొరుకుతాయి. కథ మొదట్లోనే వచ్చే "ఒజీసన్ వ యమ ఎ షిబకరి ని, ఒబాసన్ వ కవ ఎ సెంతకు ని ఇకిమషిత" అనే వాక్యం "తాత కొండకు పుల్లలు కొట్టడానికి, అవ్వ ఏటికి బట్టలు ఉతకడానికి వెళ్ళారు" అన్న మన వాక్యం నడిచినట్టే నడుస్తుంది. విభక్తులు మాటల వెనక చేరతాయి, ఇద్దరికీ కలిపి ఒకే క్రియ చివర వస్తుంది. అందువల్ల తెలుగువారు ఈ భాషను వల్లెవేసేటప్పుడు అర్థం కూడా మాటల వెంటే వస్తుంది. ఈ సౌకర్యాన్ని మనవాళ్ళు ఇంకా ఎక్కువగా వాడుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఉచ్చారణ దగ్గర మాత్రం చెవి ముందుండాలి, కన్ను తరవాత రావాలి. "ఇకిమషిత"లో "షి"లోని ఇకారం, "దెసు" చివరి ఉకారం టోక్యో ఉచ్చారణలో దాదాపు వినిపించవు. తెలుగు అజంత భాష కావడంతో, రాత చూసి చదివితే మన నాలుక ఆ అచ్చులను నిండుగా పలికేస్తుంది. అందుకని కొత్త వాచకాన్ని మొదట కొన్నాళ్ళపాటు వినడానికే పరిమితం చేసి, గొంతు నా చెవిలో స్థిరపడ్డాకే పాఠం తెరుస్తున్నాను. దీర్ఘాలు, ద్విత్వాలు మనకు అలవాటైనవే కాబట్టి ఒబసన్ (అత్త, పిన్ని), ఒబాసన్ (అవ్వ) వంటి జంటల తేడా వెంటనే పట్టుబడుతుంది. "హితొచు" (ఒకటి) లోని "చు"ను "చుక్క"లోని చకారంలాగా పలికితే సరిపోతుంది.

ఆడియోను ఆడాసిటీ అనే ధ్వని సవరణ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఊపిరి తీసుకునే చోట్ల ముక్కలు చేసి, ప్రతి ముక్క తరవాత దానికన్నా కాస్త ఎక్కువ నిడివి గల నిశ్శబ్దం చేరుస్తాను. గొంతు స్థాయి (పిచ్) మారకుండా వేగం మాత్రమే తగ్గించే సదుపాయంతో మొదట 80 శాతం వేగానికి దించుకుని, నోరు తిరిగాక అసలు వేగానికి వస్తాను. అంతకంటే తగ్గిస్తే మాటల సహజమైన ఎగుడుదిగుళ్ళు చెవికి అందవు.

అసలు కష్టం అతుకుల దగ్గర వచ్చింది. కథలో కుక్క, కోతి, ఫెజెంట్ పక్షి ఒకదాని తరవాత ఒకటి మొమొతరోకు ఎదురై ఒకే ప్రశ్న వేస్తాయి, ఒకే జవాబు వింటాయి, "హితొచు కుదసై, ఒతొమొ షిమషో" అని ఒకే తీరున చిరుధాన్యపు ఉండ అడిగి వెంట వస్తామంటాయి. వాక్యాలన్నీ నోటికి వచ్చినా, కుక్క సంభాషణ పూర్తవుతూనే నాలుక కోతిని దాటేసి పక్షి దగ్గరికి వెళ్ళిపోయేది. దీనికి మందు వేదపండితుల క్రమపాఠంలో దొరికింది. అందులో ఒకటి-రెండు, రెండు-మూడు, మూడు-నాలుగు అని పదాలను జంటలుగా చెబుతారు కాబట్టి, ప్రతి పదమూ ఒకసారి జంట చివర, మరొకసారి జంట మొదట వస్తుంది, అతుకు గట్టిపడుతుంది. నేను పదాల బదులు వాక్యఖండాలతో అదే చేస్తున్నాను. జ్ఞాపకం కోసం కార్డులు తిప్పే ఆంకీ అనే యాప్‌లో కార్డులు కూడా ఈ వరసలోనే తయారుచేసుకున్నాను: ముందువైపు ఒక ఖండం, వెనకవైపు దాని తరవాతి ఖండం. అర్థం అడిగే కార్డులు ఒక్కటి కూడా పెట్టలేదు. ఇప్పుడు కథను ఎక్కడి నుంచి అందించినా అక్కడి నుంచి సాగుతోంది.

వినేవారు ఒకరుంటే ఈ పని వేగంగా సాగుతుంది. ట్రాయ్ తవ్వకాలతో పేరు పొందిన హైన్‌రిహ్ ష్లీమన్ 1840ల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగం చేస్తూ ఇంగ్లీషు, రష్యన్ వాచకాలను కంఠస్థం చేశాడు. తాను అప్పజెప్పే రష్యన్ వినడానికి, ఆ భాష ఒక్క ముక్క రాని మనిషికి వారానికి 4 ఫ్రాంకులు ఇచ్చేవాడినని ఆయనే రాసుకున్నాడు. మా ఇంట్లో ఆ పని మా చెల్లెలు చేస్తోంది. దీర్ఘాలు, ద్విత్వాలు సరిచూసి తెలుగు లిపిలో రాసిన ప్రతిని చేతికిస్తే, జపనీస్ రాకపోయినా, ఎక్కడ మాట జారిందో అక్కడే ఆపుతుంది.

జానపద కథలో పుల్లలు కొట్టడం ఉంటుంది కానీ రైలు ఎక్కడం ఉండదు. అందుకే రెండో వాచకంగా జపాన్ స్టేషన్లలో వినిపించే ప్రకటన తీసుకున్నాను: "మమొనకు, నిబన్‌సెన్ ని దెన్ష గ మైరిమసు. అబునై దెసు కర, కీరొయి సెన్ నొ ఉచిగవ మదె ఒసగరి కుదసై." రెండో నంబరు లైను మీదికి రైలు వస్తోందని, ప్రమాదం కాబట్టి పసుపు గీతకు లోపలివైపు నిలబడమని దీని సారాంశం. ఇంత చిన్న ప్రకటనలో రైలు రాకకు వినయవాచకమైన క్రియ, ప్రయాణికులను వెనక్కి జరగమనడానికి మర్యాద రూపం, కారణం చెప్పే "కర", హద్దు చెప్పే "మదె" అన్నీ ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి కథకన్నా ముందు దీన్నే ఇవ్వమంటాను.

వాచకం పూర్తిగా వచ్చాక దాన్ని మార్చి చెప్పడం మొదలుపెట్టాలి. "ఇకిమషిత" (వెళ్ళారు) ఉన్నచోట "ఇకిమసు" (వెళ్తారు), ఆపైన "ఇకిమసెన్ దెషిత" (వెళ్ళలేదు), చివరికి "వెళ్ళారు" అన్నదాన్నే స్నేహితుడికి చెబుతున్నట్టు "ఇత్త" అని పెట్టి కథ మొత్తం తిరగచెప్పాను. నేను సొంతంగా వాక్యాలు కట్టగలగడం ఈ దశలోనే మొదలైంది. అంతకుముందు ఉన్నది ధారణ మాత్రమే.

ప్రస్తుతం తేలికపాటి కథలు వింటే వాక్యం ఎక్కడ ముగుస్తుందో, ఎవరు ఎవరితో అంటున్నారో తెలుస్తోంది. కాంజి, అంటే జపనీస్ రాతలో వాడే చైనా అక్షరాలు, చదవడంలో మాత్రం చాలా వెనకబడి ఉన్నాను. మూడో వాచకం ఇద్దరి సంభాషణ. అందులో ఒకరి మాటలను ఆడాసిటీలో నిశ్శబ్దంగా మార్చి, ఆ ఖాళీల్లో నేను జవాబిచ్చేలా రెండు ఫైళ్ళు సిద్ధం చేసుకున్నాను, ఒక్కో పాత్రకు ఒకటి.