వినవలసిన వేళ: వియన్నా నుంచి పలెర్మో దాకా

డాన్యూబ్ నదిని దాటిన మెట్రో రైలు కైసర్‌మ్యూలెన్ స్టేషన్‌లో ఆగినప్పుడు, దిగినవాళ్లలో చాలామంది మెడల్లో అప్పటికే గుర్తింపు కార్డులు వేలాడుతున్నాయి. బయటికి రాగానే, 1979లో ప్రారంభమైన వియన్నా అంతర్జాతీయ కేంద్రం వంపు తిరిగిన భవనాలతో ఎదురుగా నిలబడి ఉంది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల నిరోధక కార్యాలయం పనిచేసేది ఇక్కడి నుంచే. మనుషుల అక్రమ రవాణాకు గురైనవారి తరఫున పన్నెండేళ్లుగా వాదిస్తున్న న్యాయవాదిగా ఈ కార్యాలయం వెలువరించే పత్రాలు చదువుతూ వచ్చాను గాని, వాటి వెనుక ఉన్న మనుషులను కలవడం నాకు ఇదే మొదటిసారి. ప్రాసిక్యూటర్లు, పోలీసు అధికారులు, కార్మిక తనిఖీ అధికారులు, దుభాషీలు, బ్యాంకు లావాదేవీలను పరిశీలించే నిపుణులు కలిసి కూర్చునే మూడు రోజుల సమావేశానికి పిలుపు రావడంతో ఈ ప్రయాణం కుదిరింది. అక్కడి నుంచి మరో రెండు చోట్లకు వెళ్లి రావాలని బయలుదేరేటప్పుడే అనుకున్నాను.

మొదటి రోజు ఉదయమంతా రెండు మాటల చుట్టూనే చర్చ నడిచింది. ట్రాఫికింగ్ అన్నా స్మగ్లింగ్ అన్నా మన పత్రికలు రెండింటికీ 'అక్రమ రవాణా' అనే రాస్తాయి. నేనూ చాలాకాలం అలాగే రాశాను. కాని చట్టం దృష్టిలో అవి రెండు వేర్వేరు నేరాలు. వ్యవస్థీకృత అంతర్జాతీయ నేరాల నిరోధక ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2000 నవంబరులో ఆమోదించినప్పుడు, దానికి అనుబంధంగా ఈ రెండు నేరాలకూ చెరొక ప్రోటోకాల్‌ను ఆమోదించింది. మొదటిదాని ప్రకారం మనుషుల అక్రమ రవాణాలో మూడు అంశాలు కనిపించాలి: మనిషిని చేర్చుకోవడం, తరలించడం, దాచిపెట్టడం వంటి పని, అందుకు వాడిన బెదిరింపు, మోసం, నిస్సహాయ స్థితిని ఆసరా చేసుకోవడం వంటి ఉపాయం, చివరికి ఆ మనిషిని దోచుకోవాలన్న ఉద్దేశం. బాధితుడు పిల్లవాడైతే రెండో అంశాన్ని రుజువు చేయవలసిన పనే లేదు. ఇందులో సరిహద్దు దాటడం తప్పనిసరి కాదు. రెండో ప్రోటోకాల్ చెప్పే నేరం మాత్రం సరిహద్దు లేనిదే పుట్టదు: డబ్బు కోసం ఒక మనిషిని అనుమతి లేకుండా మరో దేశంలోకి చేర్చడమే ఆ నేరం. దాన్ని 'వలసదారులను దొంగదారిన దాటించడం' అనడం నాకు మేలనిపించింది. అలా దాటించబడినందుకే వలసదారుణ్ణి నేరస్తుడిగా విచారించరాదని ఆ ప్రోటోకాల్ ఐదో అధికరణం స్పష్టంగా చెబుతుంది. ఈ వాక్యం సరిహద్దు ఠాణాల్లో ఎంతమందికి తెలుసో అన్న దిగులు ఆ గదిలో నా ఒక్కరిదే కాదు.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్న ఈ గీత మనుషుల బతుకుల్లో చెరిగిపోతూ ఉంటుంది. తన ఇష్టంతోనే దాటించమని డబ్బు కట్టి బయలుదేరిన మనిషి, దారి మధ్యలో ధర పెరిగి, అప్పు మీద పడి, పాస్‌పోర్టు మరొకరి చేతిలోకి పోయి, చేరిన చోట ఆ అప్పు తీరేదాకా వెట్టి చేయవలసి వస్తుంది. బయలుదేరినప్పుడు వలసదారుగా ఉన్న మనిషి చేరేసరికి బాధితుడవుతాడు. ఎక్కడ మారాడో చెప్పే కాగితమేదీ ఉండదు, ఆ మనిషి నోటి మాట తప్ప. నా పక్కన కూర్చున్న ఒక ప్రాసిక్యూటర్ తమ దేశానికి తిరిగి వచ్చిన యువకుల సంగతి చెప్పారు. కంప్యూటర్ ఉద్యోగాలని నమ్మించి ఆగ్నేయాసియాకు తీసుకుపోయి, కంచె వేసిన ఆవరణల్లో బంధించి, ఫోన్లలో, తెరల మీద అపరిచితులను మోసగించే పని వాళ్లతో చేయించారు. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది ఇలా చిక్కుకుని ఉండవచ్చని 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం పేర్కొంది. ఠాణాలో వాళ్ల మీద మొదట రాసుకున్నది మోసం కేసు. "మీరు ఆ పని మానేస్తే ఏమయ్యేది?" అని అడిగిన అధికారి వచ్చేసరికి వాళ్లలో కొందరు ఏడు నెలలుగా జైల్లో ఉన్నారని ఆవిడ చెప్పారు. బలవంతం మీద చేసిన నేరాలకు బాధితులను శిక్షించకుండా వదిలే వీలుండాలన్న నియమాన్ని ఐరోపా మండలి 2005 నాటి ఒప్పందంలోనే రాసుకుంది. కోలుకోవడానికీ, ఆలోచించుకోవడానికీ బాధితులకు కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలని చెప్పిందీ ఆ ఒప్పందమే. ఆ ముప్ఫై రోజుల విలువ నా కక్షిదారుల ముఖాల్లో చూశాను కాబట్టి, ఆ నియమం లేని చోట పనిచేసేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

రెండో రోజు మధ్యాహ్నం నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది. ఒక చిన్న గదిలో రెండు కుర్చీలను ఎదురెదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా వేశారు. మూడో కుర్చీ దుభాషిది. అది ఇద్దరికీ సమాన దూరంలో, తలుపుకు అడ్డం రాకుండా ఉంది. బాధితురాలి పాత్రలో ఒక శిక్షకురాలు కూర్చున్నారు, అధికారి పాత్ర నాది. నేను అడిగిన మొదటి ప్రశ్నే "నిన్ను ఎవరు అమ్మారు?" అనేది. ఆవిడ తల వంచుకుని మౌనంగా ఉండిపోయారు. ఆ మౌనం భరించలేక నేను వెంటనే మరో రెండు ప్రశ్నలు వేశాను. శిక్షకులు ఆపి, గడియారం చూపించి చెప్పారు: నేను ఎదురుచూసింది నాలుగు సెకన్లు. రెండోసారి "ఇక్కడికి రావాలని అనుకున్న రోజు నుంచి మీకు గుర్తున్నది చెప్పండి" అని మాత్రమే అని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అర నిమిషం దాటాక ఆవిడ అప్పు సంగతి చెప్పడం మొదలుపెట్టారు. నా మొదటి ప్రశ్నకు ఆవిడ దగ్గర సమాధానమే లేదు. ఆవిడ దృష్టిలో తనను ఎవరూ అమ్మలేదు, తాను బాకీ పడింది, అంతే. ఒత్తిడితో రాబట్టిన మాట కంటే నమ్మకంతో చెప్పిన మాటే కోర్టులో నిలుస్తుందని, దర్యాప్తులో ప్రశ్నలు అడిగే తీరుపై 2021లో వెలువడిన మెండెజ్ సూత్రాలు చెప్పే సంగతి అప్పటికే చదివి ఉన్నాను. అది అనుభవానికి వచ్చింది మాత్రం ఆ కుర్చీలోనే.

సమావేశం ముగిసిన మర్నాడు వియన్నా నుంచి రైలెక్కి పార్న్‌డార్ఫ్ వెళ్లాను. ముప్ఫై ఏళ్లుగా పోలీసులకు దుభాషిగా పనిచేస్తున్న ఒక పెద్దాయన తోడు వచ్చారు. ఊరు దాటగానే గాలిమరలు వరసగా తిరుగుతూ కనిపిస్తాయి, వాటి మధ్య నుంచి హంగరీ వైపు ఏ4 రహదారి సాగిపోతుంది. రహదారి మీదుగా పోయే ఒక వంతెన మీద ఆగి, ఇద్దరం చాలాసేపు కింద పరుగెత్తే లారీలను చూస్తూ నిలబడ్డాం. 2015 ఆగస్టు 27న ఈ దారి పక్కన ఆగి ఉన్న ఒక శీతలీకరణ లారీని తెరిచినప్పుడు లోపల 71 మంది చనిపోయి ఉన్నారు: 59 మంది పురుషులు, 8 మంది స్త్రీలు, నలుగురు పిల్లలు. సిరియా, ఇరాక్, అఫ్ఘానిస్తాన్, ఇరాన్ దేశాల నుంచి వచ్చినవారే వాళ్లలో దాదాపు అందరూ. లారీ పెట్టె వైశాల్యం 14 చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ, గాలి చొరబడే సందు లేదు. అదే రోజు ఇక్కడికి గంట దూరం కూడా లేని వియన్నాలో పశ్చిమ బాల్కన్ దేశాల నాయకులు వలసల గురించే మాట్లాడుకుంటూ ఉన్నారు.

ఆ తర్వాత జరిగిన పని గురించి బయట చాలా తక్కువగా చెప్పుకుంటారు. మృతదేహాలను నికెల్స్‌డార్ఫ్ సరిహద్దు దగ్గర, ఒకప్పుడు పశువులను పరీక్షించే కేంద్రంగా ఉన్న చల్లని భవనానికి తరలించారు. దుస్తుల మడతల్లోని కాగితాలు, ఫోన్లు, కుటుంబాల నుంచి తెప్పించిన డీఎన్‌ఏ నమూనాల సాయంతో ఒక్కొక్కరినీ గుర్తించుకుంటూ వెళ్లారు. దాదాపు అందరికీ పేర్లు దొరికాయి. ప్రాణాలు పోయింది హంగరీ భూభాగం మీదనే అని తేలడంతో విచారణ అక్కడి కెచ్కెమేట్ నగరంలో జరిగింది. ఆస్ట్రియా పోలీసులు తాము సేకరించినదంతా వాళ్లకు అప్పగించారు. 2018 జూన్‌లో ప్రధాన నిందితులు నలుగురికీ 25 ఏళ్ల చొప్పున శిక్ష పడింది, మరుసటి ఏడాది సెగెడ్ అప్పీలు కోర్టు దాన్ని జీవిత ఖైదుగా పెంచింది. తమ దగ్గర మొదలైన కేసును పక్క దేశం చేతిలో పెట్టి వెనక్కి జరగడం ఏ దర్యాప్తు అధికారికైనా తేలిక కాదని నా వృత్తి వల్ల నాకు తెలుసు.

కాని ఆ వంతెన మీద నా తోటి ప్రయాణికుడు మాట్లాడింది శిక్షల గురించి కాదు. ఆ ముఠా ఫోన్లను హంగరీ పోలీసులు ముందు నుంచే రికార్డు చేస్తూ ఉన్నారు. లోపలివాళ్లు గోడలు బాదుతున్నారని డ్రైవర్ వైపు నుంచి వచ్చిన కబురూ, తలుపు తెరవొద్దని ముఠా నాయకుడు చెప్పిన మాటా ఆ రికార్డుల్లో ఉన్నాయి. అవి వేరే భాషల్లో సాగిన సంభాషణలు. వాటిని అనువాదం చేయించి వినేసరికి అంతా అయిపోయింది. "మాటలు యంత్రం దాకా చేరాయి, మనిషి చెవి దాకా చేరలేదు," అన్నారాయన. ఆ భాషలు తెలిసిన ఒక దుభాషి ఆ వేళ ఆ గదిలో ఉండి ఉంటే ఎలా ఉండేదోనని ఆయన ఈ పదేళ్లలో ఎన్నిసార్లు అనుకున్నారో నేను అడగలేదు. నా మట్టుకు, దుభాషీలకు కేటాయించే డబ్బును ఖర్చుల పట్టికలో చివరి వరసలో రాసే పద్ధతి ఇంకా సాగుతుండడం క్షమించరానిదనే అంటాను.

అక్కడి నుంచి విమానంలో ఇటలీలోని పలెర్మో చేరుకున్నాను. ఆ విమానాశ్రయానికి ఫాల్కొనె, బోర్సెలీనో అనే ఇద్దరు న్యాయాధికారుల పేర్లు పెట్టారు. ఇద్దరినీ 1992లోనే మాఫియా హత్య చేసింది. నగరానికి పోయే రహదారి మీద కపాచి దగ్గర, మే 23న జొవాన్ని ఫాల్కొనె, ఆయన భార్య, ముగ్గురు అంగరక్షకులు బాంబు పేలుడులో మరణించిన చోట, దారికి రెండు వైపులా ఎర్రటి స్తంభాలు నిలబెట్టారు. కారు వేగంలో అవి క్షణంలో దాటిపోతాయి. డబ్బు జాడ పట్టుకుని నేరాన్ని ఛేదించాలనీ, దేశాలు కలిసి పనిచేయకపోతే ముఠాలదే పైచేయి అవుతుందనీ పట్టుబట్టిన ఫాల్కొనె, హత్యకు నెల రోజుల ముందే వియన్నాలో ఐక్యరాజ్యసమితి నేర నిరోధక కమిషన్ తొలి సమావేశంలో పాల్గొన్నారు. నేను వారమంతా చర్చల్లో విన్న ఒప్పందాన్ని 2000 డిసెంబరులో దేశాలు సంతకాలకు తెరిచింది ఈ పలెర్మోలోనే. మనుషుల అక్రమ రవాణా ప్రోటోకాల్‌లో ఇప్పుడు 180కి పైగా దేశాలు భాగస్వాములు. దొంగదారిన దాటించడం మీది ప్రోటోకాల్‌లో చేరినవి అంతకంటే తక్కువ.

ఇక్కడి న్యాయస్థానంలోనే ఈ వృత్తిలో ఉన్నవాళ్లమంతా మరచిపోకూడని ఒక పొరపాటు కూడా జరిగింది. లిబియా మీదుగా వేలమందిని మధ్యధరా సముద్రం దాటించాడన్న ఆరోపణతో ఒక ఎరిట్రియా దేశస్థుణ్ణి వెతుకుతూ, 2016లో సూడాన్‌లో ఒక యువకుణ్ణి పట్టుకుని ఇటలీకి తెచ్చారు. ఇటలీ, బ్రిటన్ దర్యాప్తు సంస్థల సహకారానికి గొప్ప ఉదాహరణగా దాన్ని ప్రకటించారు. పట్టుబడిన యువకుడికి ఆ నిందితుడితో కలిసింది మొదటి పేరు మాత్రమే. నేను ఆ మనిషిని కానని అతను చెబుతూనే ఉన్నాడు, ఎరిట్రియన్లు చెప్పారు, అసలు నిందితుడి భార్య చెప్పింది, చివరికి తల్లి వచ్చి డీఎన్‌ఏ నమూనా ఇచ్చింది. 2019 జూలైలో కోర్టు అతను వేరే మనిషేనని తేల్చి, మరో చిన్న నేరానికి శిక్ష వేసి, అప్పటికే గడిపిన కాలం చాలునని విడుదల చేసింది. మూడేళ్లు. ఆ ప్రాసిక్యూటర్లను తప్పుపట్టడం సులభమే. నా సొంత కేసుల్లో ఎంతమంది పేర్లను నేను సరిగ్గా పలకకుండా, వాళ్ల ఊరు ఎటువైపో తెలుసుకోకుండా అర్జీల్లో రాసి పంపానో గుర్తు చేసుకుంటూ ఆ కోర్టు మెట్ల మీద కాసేపు కూర్చున్నాను.

సాయంత్రం రేవు దగ్గర, పడవల నుంచి దించిన వాళ్లతో మొదటగా మాట్లాడే ఒక మధ్యవర్తిని కలిశాను. ఆవిడ కూడా ఒకప్పుడు ఈ సముద్రం మీదుగానే వచ్చారు. ఇప్పుడు నాలుగు భాషల్లో పనిచేస్తారు. వచ్చినవాళ్లలో ఎవరు బాధితులో, ఎవరు ఏజెంటు మనుషులో, ఎవరిని తుపాకి చూపించి పడవ నడపమన్నారో ఆ మొదటి గంటలో తేల్చేయాలని అందరూ ఆవిణ్ణి తొందరపెడతారట. ఒక్కతే వచ్చిన అమ్మాయి పక్కన 'మేనమామ' అంటూ నిలబడే మనిషిని ఆవిడ ముందుగా గమనిస్తారు. ఇద్దరినీ వేర్వేరు వరసల్లోకి పంపేదాకా ఒక్క ప్రశ్న కూడా అడగరు. నైజీరియా అమ్మాయిలు అప్పు తీరుస్తామని చేసిన ప్రమాణాలకు భయపడి నోరు విప్పేవారు కాదనీ, 2018 మార్చిలో నైజీరియాలోని బెనిన్ నగర సంప్రదాయ రాజు ఆ ప్రమాణాలన్నీ చెల్లవని ప్రకటించాక కొందరు తమంతట తామే వచ్చి మాట్లాడారనీ చెప్పారు.

ఆవిడ చేతిలో ఒక చిన్న నోటుపుస్తకం ఉంది. అందులో పేర్లు రెండేసి సార్లు రాసి ఉన్నాయి: అధికారుల పట్టికలో ఉన్న తీరులో ఒకసారి, ఆ మనిషి పలికిన తీరులో మరోసారి. రెండింటికీ తేడా ఉన్న చోట కింద గీత గీసి ఉంది. ఆ పేజీలో గీత లేని పేరు నాకు ఒక్కటే కనిపించింది. మొదట మంచినీళ్లు ఇచ్చి, ఆ తర్వాత "నీ పేరు ఎలా పలకాలి?" అని అడుగుతానని, వాళ్లు తల ఊపేదాకా అంటూనే ఉంటానని ఆవిడ చెప్పారు. సెలవు తీసుకోబోతుంటే నన్నూ అదే అడిగారు. నా పేరు చెప్పాను. ఆవిడ పలికింది సరిగ్గా రాలేదు. ఫరవాలేదు అనబోయి ఆగి, మళ్లీ చెప్పాను. మూడోసారికి సరిగ్గా వచ్చింది.