జీతగాడి రైఫిల్

హెచ్1బీ మీద ఉన్నన్నాళ్లూ ఎమ్1 గారండ్ అనే అమెరికా సైన్యపు పాత రైఫిల్‌ని వెనక నిలబడి చూడటమే నా వంతు. ఒహాయోలో మా ప్లాంటు టూల్‌రూమ్ పెద్దాయనకి ఒకటి ఉండేది. షూటింగ్ రేంజికి తీసుకెళ్లి, "ఒక క్లిప్పు నువ్వూ కాల్చు" అనేవాడు. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే మా వీసాల వాళ్ల దగ్గర తుపాకీ ఉండటం ఫెడరల్ నేరం. గ్రీన్‌కార్డు లైన్లో నిలబడ్డవాడు అంత సరదా పడతాడా? చెవులు మూసుకుని గీత వెనకే ఉండిపోయేవాణ్ణి.

పౌరసత్వం వచ్చాక సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్‌కి దరఖాస్తు పెట్టాను. గారండ్‌లలో సైన్యం దగ్గర మిగిలినవి, డెన్మార్క్, గ్రీస్ లాంటి దేశాలకి ఇచ్చి వెనక్కి తెప్పించినవి అమ్మేది వాళ్లే. పౌరసత్వ రుజువు, వాళ్ల అనుబంధ షూటింగ్ క్లబ్బు సభ్యత్వం, తుపాకీ వాడకం తెలుసని చూపే కాగితం అడిగారు. కాగితాలు మనకేం కొత్త!

నన్ను పట్టుకున్నది రైఫిల్ కంటే దాన్ని చేసినాయన. జాన్ గారండ్ కూడా వలస వచ్చినవాడే. 1888లో కెనడాలోని క్యూబెక్‌లో పుట్టి, చిన్నప్పుడే కనెక్టికట్ వచ్చి, బట్టల మిల్లులో పనికి కుదిరి అక్కడే యంత్రాల పని నేర్చుకున్నాడు. 1919లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో చేరాడు. 1936లో సైన్యం ఆయన రైఫిల్‌ని తీసుకుంది. తర్వాత అవి ఏభై లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిని తయారుచేసే పనిముట్లలో చాలావాటికి కూడా డిజైన్ ఆయనదే. యంత్రం మీద ముక్కని కదలకుండా పట్టే ఫిక్స్‌చర్లు గీసి బతికే నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది. హక్కులు ప్రభుత్వానికి రాసిచ్చేశాడు, రాయల్టీ పైసా రాలేదు. లక్ష డాలర్లు ఇవ్వాలని కాంగ్రెస్‌లో బిల్లు పెడితే అదీ గట్టెక్కలేదు. మా ప్లాంట్లో కనిపెట్టేదేదైనా కంపెనీదేనని నేనూ చేరిన రోజే సంతకం పెట్టాను. మాకైతే ఏ బిల్లూ ఉండదు.

కాల్చడంలో మెలకువ అంతా క్లిప్పు దగ్గరే. క్లిప్పంటే ఎనిమిది తూటాల్ని పట్టి ఉంచే రేకు. దాన్ని పైనుంచి నొక్కగానే, తూటాని బ్యారెల్‌లోకి నెట్టే బోల్టు ముందుకు దూకుతుంది. బొటనవేలు తీయడం ఆలస్యమైతే గోరు నల్లబడుతుంది. పేల్చినప్పుడు పుట్టే వాయువులో కొంత బ్యారెల్ చివర రంధ్రంలోంచి దిగి ఆపరేటింగ్ రాడ్ అనే కడ్డీని వెనక్కి తోస్తుంది, తర్వాతి తూటా దానంతటదే ఎక్కుతుంది. ఆ రాడ్ అప్పటి తూటాల ఒత్తిడికి తగ్గట్టు చేసింది. ఇప్పటి బరువైన వేట తూటాలు వేస్తే వంగిపోవచ్చు. ఎనిమిదోది పేలగానే ఖాళీ క్లిప్పు టింగుమంటూ ఎగిరిపడుతుంది. ఆ చప్పుడు విని శత్రువు మీదపడేవాడని కథలు చెబుతారు. యుద్ధం గోలలో ఎవడు వింటాడండీ!

తెలుగు స్నేహితులకి ఇదంతా నచ్చదు. 2017లో కాన్సాస్‌లోని ఒలేతేలో, బార్‌లో కూర్చున్న మన ఇంజినీర్‌ని కాల్చి చంపిన దగ్గర్నుంచి తుపాకీ మాటెత్తితేనే టెన్షన్. వాళ్లని తప్పుపట్టను. ఆత్మరక్షణ కోసం కొన్నానని కూడా చెప్పుకోను. నాలుగు కిలోలు దాటి, మూడున్నర అడుగుల పైన ఉన్న దీన్ని సేఫ్ తాళం తీసి అందుకునేసరికి దొంగ కౌంటీ దాటేస్తాడు. కాగితం మీద గుండ్రటి నల్లమచ్చని కొట్టడానికే కొన్నాను.

మా నాన్న రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, త్రీనాట్‌త్రీ రైఫిల్ మోసిన మనిషి. మొన్న వేసవిలో వచ్చినప్పుడు రేంజికి తీసుకెళ్లాను. విజిటర్ వీసా కాబట్టి ముట్టుకోవద్దని ముందే చెప్పాను. వెనక కుర్చీలో కూర్చుని ప్రతి దెబ్బా వేళ్ల మీద లెక్కపెట్టారు. అయిపోగానే, "ఖాళీ తూటాలు ఎవరికి అప్పజెప్పాలి?" అన్నారు. ఎవరికీ అక్కర్లేదు నాన్నా, కావాలంటే ఇంటికి తీసుకెళ్లొచ్చన్నాను. నమ్మలేదు.

"రెండు తక్కువొచ్చాయి, గడ్డిలో చూడు."

అవి దొరికేదాకా ఆయన కారెక్కలేదు.